ఊలు ఉండ, ఊరుకోని పిల్లి: ఏది ప్రమాదం, ఏది అల్లరి

మీరు రాసినదాన్ని నాకు అర్థమైనంతలో ముందుగా చెప్పుకుంటాను. ఆరు నెలలుగా నిట్టింగ్ నేర్చుకుంటున్నారు. ఇంట్లో ఏడాది వయసున్న గండుపిల్లి ఉంది. మీరు సూదులు చేతబట్టి కూర్చోవడమే ఆలస్యం, అది దారాన్ని పంజాతో లాగడం, ఉండను మంచం కిందికి దొర్లించుకుపోవడం, రాత్రిపూట దారపు కొసను నమలడం చేస్తోంది. మొన్న సగం అయిన స్వెట్టర్ నుంచి ఏకంగా సూదినే లాగేసింది. దాన్ని మాన్పించడం ఎలా, చెదిరిన అల్లికను నిలబెట్టుకోవడం ఎలా, ఇంట్లోవాళ్లు అంటున్నట్టు రెండింటిలో ఒకదాన్ని వదులుకోవలసిందేనా అన్నవి మీ ప్రశ్నలు.

నేను ఇరవై రెండేళ్లుగా అల్లుతున్నాను. ఈ కాలంలో మా ఇంట్లో మూడు పిల్లులు పెరిగాయి. ఇప్పుడున్న నల్లపిల్లి పేరు మసి. మీరు దేన్నీ వదులుకోనక్కరలేదని నా అనుభవం మీద చెప్పగలను. అయితే మీ లేఖలో నన్ను ఆపింది సూది సంగతి కాదు, మీరు సగం వాక్యంలో దాటేసిన ఆ నమిలిన కొస సంగతి. సూది జారిపోవడం ఒక మధ్యాహ్నం కూర్చుంటే తీరిపోయే నష్టం. దారం పిల్లి పొట్టలోకి పోవడం అలాంటిది కాదు కనుక మొదట దాని గురించే రాస్తాను.

పిల్లి నాలుక మీద గొంతువైపు వంగిన సన్నని ముళ్లుంటాయి. మన గోళ్లలో ఉండే కెరటిన్‌తోనే అవి తయారవుతాయి. ఒళ్లు దువ్వుకోవడానికి, ఎముక మీది మాంసాన్ని గీరుకోవడానికి పనికొచ్చే ఆ ముళ్లే దారం విషయంలో దానికి శత్రువులవుతాయి. ఒకసారి చిక్కిన దారాన్ని ఉమ్మేయడం దానికి చాలా కష్టం. నాలుక ఆడించినకొద్దీ అది లోపలికే జారుతుంది. అలా మింగిన దారం ఒక కొస నాలుక మొదట్లో చుట్టుకునో, జీర్ణాశయం చివరి ద్వారం దగ్గర ఇరుక్కునో నిలిచిపోతే, మిగిలిన పొడవును పేగులు తమ సహజమైన కదలికతో ముందుకు నెట్టాలని చూస్తూనే ఉంటాయి. దారం కదలదు కాబట్టి, బొందు లాగినప్పుడు సంచి మూతి కుచ్చులు పడ్డట్టు, పేగే దారం మీదికి ముడుచుకుంటూ వస్తుంది. బిగిసిన దారం పేగు గోడను కోసి రంధ్రం చేసిందంటే ఇక ప్రాణాపాయమే. ఇలా పొడవుగా ఇరుక్కున్న పరాయి వస్తువును పశువైద్యులు లీనియర్ ఫారిన్ బాడీ అంటారు.

మా రెండో పిల్లికి ఇదే జరిగింది. ఒక సాయంత్రం మఫ్లర్ పూర్తి చేసి, కొసలు లోపలికి దాచి, మిగిలిన ముక్కలను కత్తిరించి పక్కనున్న గిన్నెలో వేశాను. ఊడ్చేటప్పుడు గిన్నెలో ముక్కలు తక్కువగా ఉన్నాయన్న అనుమానం వచ్చింది, అయినా పట్టించుకోలేదు. మర్నాడు పొద్దున అది తన తిండి గిన్నె దగ్గరికి వచ్చి, వాసన చూసి, ముఖం తిప్పుకుంది. మధ్యాహ్నానికి రెండుసార్లు వాంతి చేసుకుంది. వైద్యురాలు దాని నోరు తెరిచి, నాలుకను బొటనవేలితో కిందినుంచి పైకి నొక్కి పట్టి చూపించినప్పుడు, నాలుక మొదట్లో వెంట్రుక మందాన మెరూన్ రంగు నూలుపోగు ఒకటి అడ్డంగా బిగిసి ఉంది. ఆ సాయంత్రమే శస్త్రచికిత్స చేశారు. ఆ తరువాత అది తొమ్మిదేళ్లు బతికింది. ఆ రంగు ఊలు నేను మళ్లీ కొనలేదు. తర్కానికి నిలవని విషయమే అయినా కొనలేకపోయాను.

మీ పిల్లి నమిలిన కొస ఇప్పటికీ మీ దగ్గర ఉంటే ఒకసారి వెలుతురులో పరచి చూడండి. కొస తడిసి పీచుపీచుగా ఉండి పొడవు తగ్గకపోతే భయం లేదు. తెగినట్టుండి ఎంతో కొంత పొడవు లెక్క తేలకపోతే మాత్రం వైద్యుడికి ఫోన్ చేసి, మింగి ఉండవచ్చని చెప్పండి. వాంతులు కావడం, తిండి ముట్టకపోవడం, చొల్లు కారడం, మూతిని పంజాతో అదేపనిగా రుద్దుకోవడం, పొట్ట తాకనివ్వకపోవడం, మూలలో నక్కి కూర్చోవడం, వీటిలో ఏది కనిపించినా మర్నాటి దాకా ఆగకండి. నోటినుంచో వెనుకనుంచో దారం వేలాడుతూ కనిపిస్తే ఎట్టి పరిస్థితిలోనూ లాగకూడదు, ఎందుకంటే రెండో కొస లోపల ఎక్కడ పట్టుకుని ఉందో మీకు తెలియదు. ఇంట్లో వాంతి చేయించే ప్రయత్నాలూ వద్దు. ఊలు దారం ఎక్స్‌రేలో నేరుగా కనిపించదు. పేగులు ముడుచుకున్న తీరును బట్టి, అల్ట్రాసౌండ్‌ను బట్టి వైద్యులు పోల్చుకుంటారు. అందువల్ల అదే ఊలు ముక్కను వెంట తీసుకువెళ్లి, ఎంత పొడవు పోయిందో చెప్పగలిగితే వాళ్ల పని సులభమవుతుంది.

ఆ మఫ్లర్ నాటి నుంచి నాకు లెక్కపెట్టే అలవాటు వచ్చింది. కత్తిరించిన ప్రతి కొసా మూత ఉన్న డబ్బాలోకి అప్పటికప్పుడే పోతుంది. వరసలో గుర్తుకు పెట్టే మార్కర్ రింగులు ఎన్ని తీశానో అన్నీ తిరిగి చేరాయా అని చూస్తాను. సూది మొనలకు తొడిగే రబ్బరు తొడుగులూ అంతే, ఎందుకంటే చిన్నగా, మెత్తగా ఉండి నేల మీద గెంతే వస్తువును ఏ పిల్లీ వదలదు. కొసలు దాచే కుట్టుసూదిని దారంతో సహా సోఫా చేతికి గుచ్చి లేవడం మనందరికీ ఉన్న పాడు అలవాటు. పిల్లి దారం మింగితే దాని వెనకే సూదీ పోతుంది, కాబట్టి అన్నిటికన్నా ముందు మానుకోవలసింది అదే. ఊలు భద్రంగా ఉంటుందని బొందు సంచీలు కొనేవాళ్లకు ఒక మాట: ఆ బొందు కూడా దారమే. జిప్పు ఉన్న సంచి, గట్టి మూత ఉన్న డబ్బా మేలు.

కొన్ని పిల్లులు ఊలును మింగవు, కళ్లు అరమోడ్చి, ముందుకాళ్లతో పిసుకుతూ చప్పరిస్తాయి. సయామీ, బర్మీస్ జాతుల్లో ఇది ఎక్కువగా కనిపిస్తుంది. తల్లిపాలు తొందరగా మాన్పించిన కూనల్లోనూ చూస్తాం. చప్పరించినంత మాత్రాన హాని లేదు. అయితే చప్పరించడానికీ కొరికి మింగడానికీ మధ్య దూరం తక్కువ. మీది స్వెట్టర్లకు చిల్లులు పడేలా తింటున్నట్లయితే దాన్ని అల్లరి ఖాతాలో వేయకండి. వెనుక అనారోగ్యమేదైనా ఉందేమో పరీక్ష చేయించాలి.

ఇక అల్లరి విషయానికి వస్తాను. మీ పిల్లికి ఊలు మీద ప్రత్యేకమైన కక్ష ఏమీ లేదు. మనం అల్లేటప్పుడు దారం ఎలా కదులుతుందో ఒకసారి పిల్లి కంటితో చూడండి. పది కుట్లు వేశాక ఒక జానెడు లాగుతాం. ఉండ ఒక పొర్లు పొర్లి ఆగుతుంది. మళ్లీ కాసేపు నిశ్చలం, మళ్లీ చిన్న కుదుపు. గడ్డిలో ఎలుక కదిలేది సరిగ్గా అలాగే. పిల్లి కళ్లు కదలికను పట్టడంలో దిట్టలు. పావు మీటరు కన్నా దగ్గరగా ఉన్నదాన్ని అవి స్పష్టంగా చూడలేవు, అందుకే ముక్కు దగ్గరికి వచ్చిన దారాన్ని అది మీసాలతో, పంజాతో, చివరికి నోటితో తెలుసుకోవాలని చూస్తుంది. గంటసేపు ఎలుకను ఆడిస్తూ కూర్చుని, వేటాడవద్దని దాన్ని తిట్టడం న్యాయం కాదు కదా. నీళ్లు చిమ్మడం, చప్పుడు చేసి బెదిరించడం నేనూ తొలినాళ్లలో చేశాను. పిల్లికి దానివల్ల ఊలు మీద భయం పుట్టదు, మన మీద పుడుతుంది. మనం గదిలో లేనప్పుడు పని కానిచ్చుకోవడం నేర్చుకుంటుంది.

పనిచేసిన ఉపాయం వేళను మార్చడమే. పిల్లులు తెల్లవారుజామునా సందెవేళా చురుగ్గా ఉంటాయి. మనలో చాలామందికి అల్లడానికి తీరిక దొరికేది కూడా సందెవేళే. అందువల్ల సూదులు తీయడానికి ముందు పది, పదిహేను నిమిషాలు కర్రకు ఈక కట్టిన ఆటబొమ్మతో దాన్ని పరుగెత్తించండి. చివర్లో ఆ ఈకను నిజంగా పట్టుకోనివ్వండి. పట్టుకోవడానికి వీల్లేని లేజర్ చుక్కతో ఆడించి వదిలేస్తే అది ఇంకా చికాకుగా మీ ఉండ మీదికే వస్తుంది. పట్టుకున్న వెంటనే రాత్రి భోజనం పెట్టేయండి. వేట, తిండి, దువ్వుకోవడం, నిద్ర, ఈ వరస పిల్లి ఒంట్లోనే ఉంది. మీరు దాన్ని కదిలించి వదిలితే చాలు. తిన్న తరువాత మసి గుమ్మం పక్కన కూర్చుని కుడి ముందుకాలు ఎత్తి, వేళ్లు విడదీసి, మధ్యలో నాకడం మొదలుపెడుతుంది. ఆ కాలు చెవి వెనక్కి చేరిందంటే నేను సంచి జిప్పు తీస్తాను. ఆ తరువాత గంటన్నర నాది. ఆట అయిపోగానే ఆ కర్రబొమ్మను కూడా తలుపు ఉన్న అలమరలో పెట్టేయాలి, దాని తాడూ మింగదగిన తాడే.

రెండో ఉపాయం కదలికను కనిపించకుండా చేయడం. ఉండను బయటినుంచి విప్పకుండా మధ్యలోని కొసనుంచి లాగేలా చుట్టుకుంటే అది దొర్లదు. దాన్ని జిప్పు సంచిలో పెట్టి, దారం వచ్చేంత సందు మాత్రం ఉంచి, మీ నడుముకూ కుర్చీ చేతికీ మధ్య దోపుకోండి. ఊలు గిన్నెలు వాడితే బరువైన పింగాణీవి, మూత ఉన్నవి వాడండి. తేలికపాటి కొయ్య గిన్నెను మా పెద్దపిల్లి నెత్తిన పెట్టుకుని తిరిగింది. పోర్చుగీసు పద్ధతి అని ఒకటుంది: అందులో దారాన్ని మెడ వెనకనుంచి తెచ్చుకుని, బొటనవేలితో మీటుతూ అల్లుతారు. దారం ఒడిలో ఆడకుండా మెడ మీదుగా వస్తుంది కాబట్టి పిల్లి దృష్టి దాని మీద అంతగా పడదు. చేతి అలవాటు మార్చుకోవడానికి నాకు రెండు నెలలు పట్టింది. కేవలం పిల్లి కోసమే నేర్చుకొమ్మని చెప్పను గానీ, మీరింకా కొత్తవారు కాబట్టి ప్రయత్నించి చూడవచ్చు.

మూడోది ఒడి తగాదా. పిల్లి శరీర ఉష్ణోగ్రత 38 నుంచి 39 డిగ్రీల సెల్సియస్ దాకా ఉంటుంది. మనకు ఉక్కగా అనిపించే వెచ్చదనం దానికి హాయి. మీ ఒడి, దాని మీద సగం అల్లిన స్వెట్టర్, దాని మీద కదిలే చేతులు, ఇంతకన్నా మంచి పడక దానికి ఎక్కడ దొరుకుతుంది? కిందికి దించితే తిరిగి ఎక్కుతుంది. అలా కాకుండా, కుర్చీ పక్కన మీ ఒడి ఎత్తుకే వచ్చేలా ఒక బల్ల వేసి, దాని మీద అట్టపెట్టె పెట్టి, అందులో మీరు కట్టుకుని విడిచిన పాత బట్ట పరచండి. నేల మీద పెడితే ఫలితం ఉండదు, ఎత్తు ముఖ్యం. మసి అందులోనే పడుకుని, ఒక కాలు మాత్రం బయటికి చాచి నా మోచేతికి ఆనించి ఉంచుతుంది.

సూది లాగేసిన సమస్యకు తేలికైన మార్గం ఉంది. ముందూ వెనకా అల్లే పనికైనా పొడవాటి రెండు సూదులకు బదులు సర్క్యులర్ సూది, అంటే రెండు మొనలను వంగే కేబుల్ కలిపే రకం, వాడండి, అందులోనూ మొనలు మరతో ఊడివచ్చే రకం. లేచేటప్పుడు మొనలు విప్పి, కేబుల్ రెండు చివరలా బిళ్లలు బిగిస్తే కుట్లన్నీ కేబుల్ మీద బందీలుగా ఉంటాయి, లాగడానికి పిల్లికి ఏమీ మిగలదు. వెదురు సూదులను అవి ఇష్టంగా కొరుకుతాయి. పంటిగాట్లు పడితే సన్నని ఉప్పుకాగితంతో రుద్ది నునుపు చేయండి, లేకపోతే ప్రతి కుట్టు దగ్గరా ఊలు పట్టేస్తుంది.

ఇప్పుడు మీ స్వెట్టర్ సంగతి. సూది ఊడగానే కంగారుగా దాన్ని ఎత్తకండి, దారాన్ని లాగకండి. ఊలు పోగుల మీద పొలుసులుంటాయి, వాటివల్ల కుట్లు ఒకదాన్నొకటి పట్టుకుని చాలాసేపు అలాగే నిలబడతాయి. పత్తి, పట్టు, వెదురు నూలు అయితే అంత ఓపిక పట్టవు. అల్లికను బల్ల మీద పరచి, మీరు వాడుతున్నది 4 మిల్లీమీటర్ల సూది అయితే 2.5 మిల్లీమీటర్ల సన్నని సూదితో కుట్లను ఒక్కొక్కటిగా ఎక్కించుకోండి. సన్న సూది పక్క కుట్లను కదపకుండా దూరుతుంది. ప్రతి కుట్టుకూ కుడికాలు, అంటే ఉచ్చులో కుడివైపు పోగు, సూదికి ముందువైపు ఉందో లేదో చూసుకోండి. తిరగబడినవాటిని మళ్లీ అల్లేటప్పుడు సరిచేసుకోవచ్చు. లెక్క సరిపోయాకే అసలు సూదికి మార్చండి. కొన్ని కుట్లు రెండు మూడు వరసలు కిందికి జారి నిచ్చెన మెట్లలా అడ్డదారాలు కనిపిస్తుంటే, నిట్ వైపునుంచి, అంటే కుట్లు V ఆకారంలో కనిపించే వైపునుంచి, కొక్కెం ఉన్న క్రోషే సూదిని జారిన కుట్టు ఉచ్చులోకి పోనిచ్చి, కింది మెట్టునుంచి మొదలుపెట్టి ఒక్కో మెట్టునూ ఉచ్చులోంచి లాగుతూ పైకి రండి. మీరు రెండు వరసలు పోయాయన్నారు కాబట్టి ఇది అరగంట పనికి మించదు.

నమూనా కోసం కావాలని రంధ్రాలు వదిలే లేసు అల్లికలో ఇంత సులువుగా ఉండదు. మసి రెండేళ్ల వయసులో 212 కుట్ల శాలువానుంచి వెదురు సూదిని తీసుకుని మంచం కిందికి పోయింది. ఆకు నమూనాలో జారిన కుట్లు ఏవి రెండింటిని కలిపి అల్లిన జత కుట్లో, ఏవి సూది మీద దారం చుట్టి వేసిన చుట్టు కుట్లో పోల్చుకోలేక పద్నాలుగు వరసలు విప్పాను. అప్పటినుంచి లేసులో ప్రతి పది వరసలకూ ఒకసారి లైఫ్‌లైన్ వేస్తున్నాను: వేరే రంగు నున్నని పత్తి దారాన్ని కుట్టుసూదికి ఎక్కించి ఆ వరస కుట్లన్నిటిలోంచి పోనిస్తే, పైన ఏం జరిగినా అల్లిక అక్కడ ఆగుతుంది. ఆ దారపు చివరలు వేలాడకుండా అల్లికలోకే దోపేయండి, కారణం మీకు తెలుసు.

పూర్తయిన బట్టలోంచి పిల్లి గోరు ఒక ఉచ్చును బయటికి లాగితే కత్తెర జోలికి పోవద్దు. ఉచ్చు పొడవు పక్క కుట్లనుంచే వచ్చింది. అవి బిగుసుకుపోయి కనిపిస్తాయి. మొద్దు మొన ఉన్న సూదితో ఇటు నాలుగు కుట్లకు, అటు నాలుగు కుట్లకు ఆ వదులును కొంచెం కొంచెంగా పంచండి; ఉతికి ఆరేశాక జాడ తెలియదు. నమిలి బలహీనపడిన చోట మాత్రం దారాన్ని కత్తిరించి పారేయడమే మంచిది. రెండు కొసలనూ అయిదు సెంటీమీటర్ల మేర పురి విప్పి, ఒకదాని మీద ఒకటి పెట్టి, తడిపి, అరచేతుల మధ్య వేడి పుట్టేలా రుద్దితే ముడి లేకుండా అతుక్కుంటాయి. ఇది శుద్ధమైన ఊలుకే పనిచేస్తుంది; మెషీన్‌లో ఉతకదగినట్టు శుద్ధి చేసిన సూపర్‌వాష్ ఊలు, అక్రిలిక్, పత్తి ఇలా అతకవు.

మీరు అడగకపోయినా చెప్పవలసింది ఒకటి మిగిలింది. పురుగు పట్టకుండా ఊలు డబ్బాలో నాఫ్తలీన్ ఉండలు వేసే అలవాటు ఉంటే వెంటనే తీసేయండి. అవి పిల్లికి విషం. వాటికి బదులు కొందరు సుగంధ తైలాలు చిలకరిస్తారు, అదీ వద్దు, వాటిలోని చాలా పదార్థాలను పిల్లి కాలేయం సరిగా విరగ్గొట్టలేదు. ఊలును ఉతికి, పూర్తిగా ఆరబెట్టి, గాలి చొరని డబ్బాలో పెడితే చాలు. అనుమానం ఉన్న ఉండలను సంచిలో మూసి మైనస్ 18 డిగ్రీల ఫ్రీజర్‌లో రెండు వారాలు ఉంచుతాను. డబ్బా అడుగున పిల్లి వెంట్రుకలు పేరుకోనివ్వకండి; బట్టల పురుగుకు అవీ ఆహారమే.

వెంట్రుకల మాట వచ్చింది కాబట్టి: బహుమతిగా ఇచ్చే అల్లికనుంచి వెంట్రుకలు ఏరినంత మాత్రాన సరిపోదు. పిల్లి పడనివారికి ఇబ్బంది కలిగించే ఫెల్ డి 1 అనే ప్రోటీన్ దాని లాలాజలంలో, చర్మపు నూనెలో ఉంటుంది, వెంట్రుక దాన్ని మోసుకొస్తుంది. గోరువెచ్చని నీటిలో పావుగంట నానబెట్టి, రుద్దకుండా, పిండకుండా, తువ్వాలులో చుట్టి నీరు తీసి, మూసిన గదిలో ఆరబెట్టి అక్కడినుంచే నేరుగా సంచిలో పెట్టండి. మూసిన గది అనడం ఎందుకంటే, పిన్నులు గుచ్చి పరచిన తడి ఊలు మీద పడుకోవడం కన్నా పిల్లికి ఆనందం మరొకటి ఉండదు.

అల్లేటప్పుడు పిల్లిని వేరే గదిలో పెట్టి తలుపు వేయడం క్రూరత్వమా అని కూడా అడిగారు. లేసు నమూనా చూసి లెక్కపెట్టే అరగంట, కొసలు కత్తిరించే పది నిమిషాలు నేను తలుపు వేస్తాను, అపరాధభావం ఏమీ లేదు. లోపల నీళ్లు, ఇసుక పెట్టె, కిటికీ పక్కన చోటు ఉంటే చాలు. సాదా వరసలు అల్లే రోజుల్లో మాత్రం వేయను, ఎందుకంటే మసి తలుపు కింది సందులోంచి రెండు పంజాలూ చాచి నేలను తడుముతూ ఉంటే నాకు కుట్ల లెక్క తప్పుతుంది.